లాటిన్ ధాతువులతో ఇంగ్లీషు పదజాలం పెంచుకోవడం ఎలా

ఆహారం, విహారం, సంహారం, పరిహారం, ప్రహారం. ఈ అయిదు మాటలనూ వరుసగా పైకి చదివితే అన్నిటిలోనూ ఒకే ముక్క వినిపిస్తుంది. అది ‘హృ’ అనే సంస్కృత ధాతువు నుంచి పుట్టిన ‘హారం’. దాని ముందు చేరిన ఆ, వి, సం, పరి, ప్ర అనే ఉపసర్గలు ఆ అర్థాన్ని ఒక్కొక్కటి ఒక్కో వైపుకు లాక్కుపోయాయి. వ్యాకరణం కొద్దిగా చదివిన వారెవరికైనా ఈ సంగతి తెలిసే ఉంటుంది. ఇంగ్లీషులో పొడవుగా, బరువుగా కనిపించి బెదరగొట్టే మాటల్లో చాలా వాటి నిర్మాణం కూడా సరిగ్గా ఇలాంటిదే. మనకు సంస్కృతం ఉన్న చోట వారికి లాటిన్ ఉంది. అందుచేత లాటిన్ ధాతువుల ద్వారా ఇంగ్లీషు పదాలు నేర్చుకోవడం తెలుగు చదువరికి కొత్త విద్యేమీ కాదు, ఉన్న విద్యనే మరో భాష మీద ప్రయోగించడం. అక్షరక్రమంలో ఉన్న పదాల జాబితాలను నెలల తరబడి బట్టీపట్టి, అంతకంటే వేగంగా మరిచిపోయిన అనుభవం నాకుంది. ఆ తరువాతే ఈ దారి పట్టాను కనుక, దీన్ని గట్టి నమ్మకంతోనే సూచిస్తున్నాను.

ముందుగా ఏ మాటలను విడగొట్టవచ్చో గుర్తించండి

ఇంగ్లీషు పుట్టుకతో జర్మన్, డచ్ వంటి భాషలున్న జర్మానిక్ కుటుంబానికి చెందిన భాష. తినడం, నడవడం, నీళ్లు, చెయ్యి, పన్ను, సూర్యుడు వంటి నిత్యావసరమైన వాటికి ఆ భాషలో ఉన్న చిన్న చిన్న మాటలు ఆ పాత మూలం నుంచి వచ్చినవే. 1066లో ఉత్తర ఫ్రాన్సుకు చెందిన నార్మన్లు ఇంగ్లండును జయించాక లాటిన్ సంతానమైన ఫ్రెంచ్ అక్కడ పాలకుల భాష అయింది. ఆ తరువాత, ముఖ్యంగా 16, 17 శతాబ్దాలలో, పండితులు నేరుగా లాటిన్ నుంచే వేలాది మాటలను తెచ్చుకున్నారు. ఫలితంగా ఈనాటి ఇంగ్లీషు నిఘంటువులో సగానికి పైగా మాటలు నేరుగానో ఫ్రెంచ్ మీదుగానో లాటిన్ నుంచి వచ్చినవే.

దీన్ని అర్థం చేసుకోవడానికి తెలుగే మంచి ఉపమానం. మనం ‘పన్ను నొప్పి’ అంటాం గాని వైద్యుణ్ణి ‘దంతవైద్యుడు’ అంటాం. ‘కన్ను’ అంటాం గాని ‘నేత్రదానం’ అంటాం. ఇంగ్లీషు వారు కూడా అచ్చం ఇలాగే పన్నును ‘టూత్’ అని, దానికి సంబంధించిన దాన్ని ‘డెంటల్’ అని అంటారు. సూర్యుణ్ణి ‘సన్’ అని, సూర్యశక్తిని ‘సోలార్’ అని, చేతిని ‘హ్యాండ్’ అని, చేత్తో చేసే పనిని ‘మాన్యువల్’ అని అంటారు. అచ్చ తెలుగు మాటకు సంస్కృత ధాతువు వెతకనట్టే, ఆ చిన్న మాటలకు లాటిన్ ధాతువు వెతకకండి. చట్టం, శాస్త్రం, పరిపాలన, విమర్శ వంటి విషయాల్లో కనిపించే మూడు, నాలుగు ముక్కలుగా పలికే పొడవాటి మాట ఎదురైనప్పుడు మాత్రం కత్తెర చేతికి తీసుకోండి.

తెలిసిన మాటలతోనే మొదటి పుట రాయండి

దీనికోసం ఒక నోటుపుస్తకం ప్రత్యేకంగా పెట్టుకొని, ఒక్కో ధాతువుకు ఒక్కో పుట కేటాయించండి. మొదటి పుటకు ‘పోర్ట్’ అనే ధాతువు చాలా అనువైనది. లాటిన్‌లో ‘పోర్టారే’ అంటే మోయడం, మోసుకొని పోవడం. పుట పైభాగంలో ధాతువునూ దాని అర్థాన్నీ రాసి, కింద మీకు ఇదివరకే తెలిసిన మాటలను గుర్తుకు తెచ్చుకొని రాయండి. ‘ట్రాన్స్’ అంటే ఆవలికి, కనుక ‘ట్రాన్స్‌పోర్ట్’ ఆవలికి మోసుకుపోవడం, అంటే రవాణా. ‘ఇన్’ అంటే లోపలికి, కనుక ‘ఇంపోర్ట్’ దిగుమతి. ‘ఎక్స్’ అంటే బయటికి, కనుక ‘ఎక్స్‌పోర్ట్’ ఎగుమతి. ‘రీ’ అంటే వెనక్కు, కనుక ‘రిపోర్ట్’ సమాచారాన్ని మోసుకొని తిరిగి రావడం, అంటే నివేదిక. ‘సబ్’ అంటే కింద, కనుక ‘సపోర్ట్’ కింద నుంచి మోయడం, అంటే ఆసరా. ‘డీ’ అంటే నుంచి, దూరంగా, కనుక ‘డిపోర్ట్’ దేశం నుంచి పంపించివేయడం. మోయడానికి వీలైనది ‘పోర్టబుల్’, మోసేవాడు ‘పోర్టర్’.

ఇందులో మీరు కొత్తగా నేర్చుకున్న మాట బహుశా ఒక్కటి కూడా ఉండదు. ఉండకపోవడమే ఈ మొదటి పుట ప్రయోజనం. మీకు తెలిసిన మాటల సాయంతో ఆరు ఉపసర్గలూ ఒక ధాతువూ ఇప్పుడు మీ స్వాధీనంలోకి వచ్చాయి. తెలియని మాటలకు ఇవే తాళం చెవులవుతాయి.

ప్రతి మాట పక్కనా రెండు అర్థాలు రాయడం అలవాటు చేసుకోండి: ఒకటి ముక్కలు కలిపితే వచ్చే అక్షరార్థం, రెండోది నేడు వాడుకలో ఉన్న అర్థం. ఈ రెంటికీ మధ్య ఉన్న దూరాన్ని ఒక్క క్షణం ఆలోచించి దాటినప్పుడే మాట మనసులో నిలుస్తుంది. ‘సపోర్ట్’ అంటే మద్దతు అని ఊరికే రాసుకోవడానికీ, కింద భుజం పెట్టి మోస్తున్న మనిషిని ఊహించుకొని రాసుకోవడానికీ చాలా తేడా ఉంది.

ఆ పుట అడుగున ఒక హెచ్చరిక కూడా రాసుకోండి. ‘ఎయిర్‌పోర్ట్’, ‘పాస్‌పోర్ట్’ అనే మాటల్లోని ‘పోర్ట్’ మోయడం కాదు. అది రేవు అనే అర్థం గల ‘పోర్టస్’ అనే వేరే లాటిన్ మాట. ‘ఆపర్ట్యూనిటీ’ కూడా దాని సంతానమే: ఓడను రేవు వైపుకు నడిపించే గాలి అనుకూలమైన గాలి, అలాంటి అనుకూల సమయమే అవకాశం. ఒకేలా వినిపించే రెండు ధాతువులు ఉంటాయని మొదటి రోజే తెలుసుకోవడం మంచిది.

ఉపసర్గలను ధాతువుల కంటే ముందు పట్టు చేసుకోండి

ధాతువులు వందల్లో ఉంటాయి గాని, తరచుగా వచ్చే ఉపసర్గలు ఇరవైకి మించవు. పైన చెప్పిన ఆరింటికి తోడు ‘యాడ్’ (వైపుకు), ‘కాన్’ (కూడి, కలిసి), ‘ప్రో’ (ముందుకు), ‘ప్రీ’ (ముందుగా), ‘పర్’ (గుండా, పూర్తిగా), ‘ఇంటర్’ (మధ్య), ‘ఆబ్’ (ఎదురుగా), ‘డిస్’ (విడిగా) అనేవి చేర్చుకుంటే చాలావరకు పని జరుగుతుంది. వీటిలో కొన్ని మనకు దూరపు చుట్టాలు కూడా. లాటిన్ ‘ప్రో’, సంస్కృత ‘ప్ర’ ఒకే మూలం నుంచి వచ్చినవి. ‘ఇంటర్’, ‘అంతర్’ కూడా అంతే. ‘ఇంటర్నేషనల్’ అనే మాటకు ‘అంతర్జాతీయ’ అనే అనువాదం అంత సహజంగా అమరడానికి ఆ చుట్టరికం కూడా ఒక కారణమేమో అనిపిస్తుంది.

సంధిని గుర్తుపట్టండి

ఈ పద్ధతితో మొదలుపెట్టిన చాలామంది ఇక్కడే ఆగిపోతారు. ‘యాడ్’ అనే ఉపసర్గ నేర్చుకున్న చదువరి దాన్ని వెతుకుతూ పోతే అనేక మాటల్లో అది కనిపించదు. కనిపించకపోవడానికి కారణం సంధి. ఉత్, చారణ కలిస్తే ఉచ్చారణ అయినట్టు, ఉత్, లాసం కలిస్తే ఉల్లాసం అయినట్టు, సత్, జనుడు కలిస్తే సజ్జనుడు అయినట్టు, లాటిన్‌లో కూడా ఉపసర్గ చివరి హల్లు తరువాతి హల్లులోకి మారిపోతుంది. లాగడం అనే అర్థం గల ‘ట్రాక్ట్’ ముందు ‘యాడ్’ చేరితే ‘అట్రాక్ట్’ అవుతుంది, అంటే తన వైపుకు లాక్కోవడం, ఆకర్షించడం. ‘కాన్’ అనేది ‘ఎల్’ ముందు ‘కాల్’ అయి ‘కలెక్ట్’ను, ‘ఆర్’ ముందు ‘కార్’ అయి ‘కరెక్ట్’, ‘కరప్ట్’ అనే మాటలను ఇస్తుంది. ‘ఆబ్’ అనేది ‘పి’ ముందు ‘ఆప్’ అయి ‘అపోజ్’ను ఇస్తుంది. కాదు అనే అర్థం గల ‘ఇన్’ అయితే ‘ఇల్లీగల్’, ‘ఇంపాజిబుల్’, ‘ఇర్రెగ్యులర్’ అని మూడు వేషాలు వేస్తుంది. తెలుగులో సంధి విడదీయడం నేర్చుకున్న వారికి ఇది ఒక్క సాయంకాలం పని.

దీనివల్ల స్పెల్లింగు బాధ కూడా సగం తీరుతుంది. ఇంగ్లీషు రాసేటప్పుడు ఎక్కడ జంట అక్షరం రాయాలో, ఎక్కడ ఒంటి అక్షరం రాయాలో తెలియక తడబడని వారు అరుదు. ‘అకామడేట్’ అనే మాటనే తీసుకోండి. అది ‘యాడ్’, ‘కామ్’, ‘మోడ్’ అనే మూడు ముక్కల కలయిక. ఇందులో ‘కామ్’ అనేది ‘కాన్’కు మరో రూపం. ‘యాడ్’లోని ‘డి’ పక్కనున్న ‘సి’గా మారడం వల్ల రెండు ‘సి’లు వచ్చాయి, ‘కామ్’ చివరి ‘ఎం’, ‘మోడ్’ మొదటి ‘ఎం’ కలవడం వల్ల రెండు ‘ఎం’లు వచ్చాయి. ‘రెకమెండ్’లో ‘రీ’ తరువాత ‘కామ్’ ఉంది, కనుక ‘సి’ ఒక్కటే, ‘ఎం’లు రెండు. ‘కమిట్’లో ‘కామ్’, ‘మిట్’ కలిశాయి, కనుక రెండు ‘ఎం’లు, ‘ఒమిట్’లో మాత్రం ‘ఆబ్’లోని ‘బి’ జంటగా మారకుండా రాలిపోయింది, కనుక ఒక్కటే ‘ఎం’. ఒకసారి ఇలా విడదీసి రాసుకున్న మాటను మళ్లీ తప్పు రాయడం కష్టం.

సంధిలో ఒక అక్షరం పూర్తిగా మాయమైన సందర్భం ఒకటి దగ్గరగా చూద్దాం. చూడటం అనే అర్థం గల ‘స్పెక్ట్’ ధాతువు ‘ఇన్‌స్పెక్ట్’ (లోపలికి చూడటం, తనిఖీ), ‘రెస్పెక్ట్’ (వెనుదిరిగి చూడటం, గౌరవించడం), ‘ప్రాస్పెక్ట్’ (ముందుకు చూడటం, భవిష్యత్తు), ‘సస్పెక్ట్’ (కింది నుంచి ఓరగా చూడటం, అనుమానించడం) అనే మాటలలో స్పష్టంగా కనిపిస్తుంది. ‘ఎక్స్‌పెక్ట్’లో మాత్రం ‘ఎక్స్’ తరువాత ఉండవలసిన ‘ఎస్’ అక్షరం లేదు. ‘ఎక్స్’ అనే అక్షరంలోనే ‘స’ ధ్వని ఉంది కనుక రెండో ‘స’ అందులో కలిసిపోయింది. వీధి వైపు తొంగి చూస్తూ ఎవరి రాక కోసమో నిలబడిన మనిషిని ఊహించుకుంటే, బయటికి చూడటం అనే అక్షరార్థం ఎదురుచూడటంగా ఎలా మారిందో వేరే చెప్పనక్కరలేదు. ‘ఎగ్జిస్ట్’, ‘ఎగ్జిక్యూట్’ అనే మాటలలో కూడా ‘ఎస్’ ఇదే విధంగా లుప్తమైంది.

ఒక్క ధాతువుకు రెండు, మూడు రూపాలు ఉంటాయని గ్రహించండి

కృ ధాతువు నుంచి కర్త, కార్యం, కృతి, క్రియ వచ్చాయని, వచ్ నుంచి వక్త, వాక్యం, ఉక్తి వచ్చాయని మనకు తెలుసు. లాటిన్ ధాతువులు కూడా ఇలాగే రూపం మార్చుకుంటాయి. చేయడం అనే అర్థం గల ‘ఫాక్’ అనేది ‘ఫ్యాక్టరీ’లో ఒక రూపంలో, ‘పర్ఫెక్ట్’లో మరో రూపంలో, ‘ఎఫిషియెంట్’లో ఇంకో రూపంలో కనిపిస్తుంది. పట్టుకోవడం, తీసుకోవడం అనే అర్థం గల ‘కాప్’ అయితే ‘క్యాప్చర్’, ‘యాక్సెప్ట్’, ‘పార్టిసిపేట్’, ‘రిసీవ్’ అని నాలుగు రూపాల్లో తిరుగుతుంది. చివరిది ఫ్రెంచ్ మీదుగా రావడం వల్ల బాగా అరిగిపోయింది. కనుక పుట పైభాగంలో ధాతువును ఒక్క రూపంలో కాకుండా, దొరికిన రూపాలన్నిటితో కలిపి రాసుకోండి.

వీటిలో మీకు అన్నిటికంటే ఎక్కువ ఉపయోగపడేది క్రియకూ నామవాచకానికీ మధ్య జరిగే మార్పు. ‘మిట్’ అనేది నామవాచకంలో ‘మిస్’ అవుతుంది: ‘పర్మిట్’, ‘పర్మిషన్’, ‘అడ్మిట్’, ‘అడ్మిషన్’. ‘వర్ట్’ అనేది ‘వర్స్’ అవుతుంది: ‘కన్వర్ట్’, ‘కన్వర్షన్’. ‘స్క్రైబ్’ అనేది ‘స్క్రిప్ట్’ అవుతుంది: ‘డిస్క్రైబ్’, ‘డిస్క్రిప్షన్’. ‘సీవ్’ అనేది ‘సెప్ట్’ అవుతుంది: ‘రిసీవ్’, ‘రిసెప్షన్’, ‘డిసీవ్’, ‘డిసెప్షన్’. ఈ జంటలు మినహాయింపుల కుప్ప కాదు, లాటిన్ క్రియకు ఉన్న రెండు ప్రాతిపదికలు. ఒక జంట తెలిస్తే ఆ కుటుంబంలోని మిగతా జంటలు వాటంతట అవే వస్తాయి. నా దృష్టిలో ఈ పద్ధతి మొత్తంలో దీనికి మించిన లాభం మరొకటి లేదు, ఎందుకంటే ఇది చదవడానికే కాక రాయడానికీ మాట్లాడటానికీ కూడా పనికివస్తుంది.

మొదటి మూడు నెలలకు ఈ ధాతువులు సరిపోతాయి: పోర్ట్ (మోయు), స్పెక్ట్ (చూచు), ట్రాక్ట్ (లాగు), జెక్ట్ (విసరు), డిక్ట్ (చెప్పు), డ్యూస్, డక్ట్ (నడిపించు), మిట్, మిస్ (పంపు), వర్ట్, వర్స్ (తిప్పు), సీడ్, సెస్ (సాగు, తొలగు), స్క్రైబ్, స్క్రిప్ట్ (రాయు), పోజ్ (ఉంచు), రప్ట్ (విరుగు). వారానికి ఒక ధాతువు చాలు. పన్నెండు పుటలు నిండేసరికి నూటికి పైగా మాటలు మీ చేతిలో ఉంటాయి.

పుస్తకం చదువుతూ మాటను విడదీయండి

పుట నింపడం సాధన మాత్రమే. అసలు పని చదివేటప్పుడు జరగాలి. ఒక వ్యాసంలో ‘ఇన్‌కాంట్రవర్టిబుల్ ఎవిడెన్స్’ అని ఉందనుకోండి. నిఘంటువు తెరవకుండా మొదట మాట చివరి నుంచి చూడండి. ‘ఇబుల్’ అంటే వీలైనది. దాని ముందున్న ‘వర్ట్’ అంటే తిప్పడం. దానికి ముందున్న ‘కాంట్రో’ అంటే ఎదురుగా. ‘కాంట్రా’కు ఇది మరో రూపం. మొదట ఉన్నది ‘ఇన్’. ఎదురు తిప్పడానికి వీలైనది అనే దానికి ముందు వచ్చింది కనుక ఇక్కడ కాదు అనే అర్థమే పొసగుతుంది. ఎదురు తిప్పడానికి వీలులేని సాక్ష్యం, అంటే తిరుగులేని సాక్ష్యం. తెలుగు మాటలో కూడా ‘తిరుగు’ అన్నదే ఉండటం చూస్తే ముచ్చటగా ఉంటుంది. ఇప్పుడు నిఘంటువు తెరిచి మీ ఊహను సరిచూసుకోండి. ఊహించడం, తరువాత సరిచూడటం అనే వరుస తప్పకూడదు. ముందే అర్థం చూసేస్తే మనసు ఏ శ్రమా పడదు, శ్రమ పడని మనసులో మాట నిలవదు.

ఇందుకోసం వ్యుత్పత్తి ఇచ్చే నిఘంటువును ఎంచుకోండి. మెరియం-వెబ్‌స్టర్ నిఘంటువులో చాలా మాటలకు పుట్టుపూర్వోత్తరాలు అర్థాలతో పాటే దొరుకుతాయి. చిన్న నిఘంటువులు చాలా వరకు ఆ భాగాన్ని వదిలేస్తాయి కనుక కొనేముందు ఒకసారి తెరిచి చూసుకోండి.

ఎక్కడ మోసపోతారో ముందే తెలుసుకోండి

‘ఇన్’ అనే ఉపసర్గకు లోపలికి, కాదు అని రెండు అర్థాలున్నాయి. ‘ఇన్‌ఫ్లేమబుల్’ అంటే మంట అంటుకోనిది అనుకుంటే ప్రమాదమే. అందులోని ‘ఇన్’ మొదటి రకానిది, ఆ మాటకు అర్థం తేలికగా అంటుకొనేది అని. ‘ఇన్‌వాల్యుబుల్’ అంటే విలువలేనిది కాదు, విలువ కట్టలేనిది, అంటే అమూల్యం. ‘పెడల్’, ‘పెడెస్ట్రియన్’ అనే మాటల్లోని ‘పెడ్’ లాటిన్‌లో పాదం కాగా, ‘పీడియాట్రిక్స్’లోనిది గ్రీకులో పిల్లవాడు.

అర్థం కాలంతో పాటు జరిగిపోవడం రెండో ప్రమాదం. ‘మాన్యుఫ్యాక్చర్’ అంటే అక్షరాలా చేత్తో చేయడం. నేడు యంత్రాలు చేసే ఉత్పత్తికే ఆ మాట ఎక్కువగా వాడుతున్నారు. ‘డిసెంబర్’లోని ‘డిసెం’ అంటే పది. పూర్వపు రోమన్ పంచాంగంలో సంవత్సరం మార్చితో మొదలయ్యేది కనుక అది పదో నెల, ఇప్పుడు పన్నెండోది. ధాతువు మాట ఎక్కడ బయలుదేరిందో చెబుతుంది. ఇప్పుడు ఎక్కడ ఉందో నిఘంటువే చెప్పాలి.

మూడోది మన వైపు నుంచి వచ్చే ప్రమాదం. 1786లో కలకత్తాలో న్యాయమూర్తిగా ఉన్న సంస్కృత పండితుడు విలియం జోన్స్ సంస్కృతం, గ్రీకు, లాటిన్ ఒకే మూలం నుంచి పుట్టి ఉండాలని ప్రతిపాదించాడు, ఆ తరువాతి పరిశోధన దాన్ని స్థిరపరిచింది. డెంటల్, దంతం, ఇగ్నైట్, అగ్ని, మోర్టల్, మృతం, వోకల్, వాక్కు, నేవీ, నౌక అనే జంటలు నిజమైన చుట్టరికాలే, జ్ఞాపకానికి గొప్ప ఊతం. అయితే వినడానికి దగ్గరగా ఉన్న ప్రతి జంటనూ చుట్టాలను చేయకండి. నిఘంటువు ధ్రువపరిచిన జంటను మాత్రమే పుటలో రాయండి.

మళ్లీ చూసుకోవడం

పుట రాసిన మరునాడు ఒకసారి, వారం తరువాత ఒకసారి, నెల తరువాత ఒకసారి తెరవండి. తెరిచినప్పుడు ఊరికే చదవకుండా, అర్థాల వైపు చేత్తో మూసి మాటను చూసి చెప్పండి. తరువాత మాటల వైపు మూసి అర్థాన్ని చూసి మాట చెప్పండి. రెండోది చాలా కష్టం, అందుకే అది అవసరం. పుటలోని మాటల్లో మూడింటితోనైనా సొంత వాక్యాలు రాయండి, ఎందుకంటే ‘రిసీడ్’, ‘ప్రొసీడ్’ అనే మాటల అర్థం తెలిసినా ఏది దేని పక్కన ఒదుగుతుందో వాక్యంలోనే తేలుతుంది.

నోటుపుస్తకం చివర కొన్ని పుటలు ఖాళీగా ఉంచండి. వైద్యం, విజ్ఞానశాస్త్రాలకు సంబంధించినవి చదవడం మొదలుపెట్టగానే గ్రాఫ్, ఫోన్, లాగ్ వంటి గ్రీకు ధాతువులు ఎదురవుతాయి. అవి లాటిన్ పుటల్లో కలిస్తే గందరగోళం. వాటిని ఆ చివరి పుటల్లో రాస్తూ పోయి, ‘టెలివిజన్’ వంటి మాట వచ్చినప్పుడు దాన్ని రెండు చోట్లా రాయండి: ‘టెలి’ గ్రీకు నుంచి వచ్చింది, ‘విజన్’ లాటిన్ నుంచి.